జానెడు ఎక్కువైన కారు: లోగాన్ మీద ఒక షెడ్డు మనిషి కేస్ స్టడీ

మొన్న వేసవిలో గుడివాడ నుంచి ఒక కారును మినీ లారీ వెనక తాడు కట్టి మా షెడ్డుకి లాక్కొచ్చారు. ఏపీ 16 నంబరు, తెల్ల రంగు, 2010 మోడల్ మహీంద్రా రెనో లోగాన్, డీజిల్. మీటరు 3,86,000 చూపిస్తోంది. ఓనరు అరవై దాటిన మనిషి, సెకండ్‌హ్యాండ్‌లో కొని పన్నెండేళ్లుగా తనే నడుపుతున్నారు. బండి దింపగానే అడిగిన మొదటి మాట: "ఏమయ్యా, బాగు చేయించమంటావా, తుక్కు కింద కాటాకి వేసేయమంటావా? ఆర్‌సీ రెన్యువల్‌కి కూడా వచ్చింది."

"రెండు రోజులు టైమివ్వండి బాబాయ్, విప్పి చూసి చెబుతా" అన్నాను.

విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. లోగాన్లు, దాని పేరు మారాక వచ్చిన వెరిటోలు చాలానే చేతికి వచ్చాయి. ఒకప్పుడు ట్రావెల్స్ వాళ్లవి వారానికి రెండు మూడు వచ్చేవి, ఇప్పుడు నెలకి ఒకటి వస్తే గొప్ప. ఆ రెండు రోజులూ బండి విప్పుతూ మా కుర్రాళ్లకి దీని కథ చెబుతుంటే ఒకడు అడిగాడు: "ఇంత గట్టి బండి, ఇంత డిక్కీ, ఇంత మైలేజీ. మరి మన దగ్గర ఎందుకు ఆడలేదన్నా?" రొమేనియా నుంచి బ్రెజిల్ దాకా చవక ఫ్యామిలీ కారుగా ఆడిన బండి ఇక్కడ ఎందుకు చతికిలబడింది? ఒక్క ముక్కలో తేలే ప్రశ్న కాదది. అందుకే ఇంత రాస్తున్నాను.

లాడాకి పోటీగా

1990ల చివర్లో ఫ్రాన్స్ కార్ల కంపెనీ రెనోకి అప్పటి అధినేత లూయీ ష్వైట్జర్ రష్యా వెళ్లారు. అక్కడ లాడా కార్లు 6 వేల డాలర్ల దగ్గర అమ్ముడుపోతున్నాయి. అదే షోరూముల వీధిలో రెనో కార్ల రేటు దానికి రెట్టింపు, కొనేవాళ్లు లేరు. పాతకాలపు డిజైన్ అయినా జనం లాడానే కొంటున్నారు, ఎందుకంటే వాళ్ల జేబులో ఉన్నది అంతే. తిరిగొచ్చి ష్వైట్జర్ తన ఇంజనీర్ల ముందు పెట్టిన లెక్క సింపుల్: 6 వేల డాలర్లకి ఒక కారు కావాలి, కొత్త కాలం బండిలా ఉండాలి, దారిలో ఆగిపోకూడదు.

మామూలుగా కార్ల కంపెనీలు ముందు బండి గీస్తాయి, ఖర్చు లెక్కేస్తాయి, లాభం కలుపుతాయి, అప్పుడు రేటు తేలుతుంది. ఇక్కడ రేటు ముందే రాసి గోడకి అంటించారు. అందులోంచి లాభం తీసేస్తే మిగిలిందే బండికి పెట్టాల్సిన ఖర్చు. మా ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టేవాళ్లకి ఈ పద్ధతి కొత్తేం కాదు. ఓనరు వచ్చి "నా దగ్గర ఇంతే ఉంది" అంటాడు, మేస్త్రీ తల గోక్కుని ఎక్కడ మందం రేకు వేయాలో, ఎక్కడ పల్చటిది సరిపోతుందో చూస్తాడు. ఫ్రాన్స్‌లో ఓ పెద్ద కంపెనీకి మాత్రం అది తలకిందుల వ్యవహారమే.

దీని కోసం 1999లో రెనో, రొమేనియాలోని డాచియా కంపెనీని కొంది. పిటెష్ట్ ఊరి దగ్గర మియోవెన్‌లో ఫ్యాక్టరీ. వాళ్లకీ రెనోకీ పాత చుట్టరికం ఉంది: రెనో 12 లైసెన్సు తీసుకుని 1969 నుంచి డాచియా 1300 అని తయారు చేశారు. దానికే మార్పులు చేసి 1310 అన్నారు, 2004 దాకా అదే బండి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ తెచ్చుకుని మనం అంబాసిడర్ అని యాభై ఏళ్లకు పైగా తయారు చేయలేదూ, అచ్చం అదే కథ.

కొత్త ప్రాజెక్టుకి ఎక్స్90 అని పేరు పెట్టారు. బండి 2004 జూన్‌లో జనం ముందుకు వచ్చింది, ఆ ఏడాది చివరికల్లా రొమేనియా రోడ్ల మీద ఉంది. అప్పటికి అందరి నోటా ఒకటే మాట: "5 వేల యూరోల కారు". నిజంగా ఆ రేటుకి దగ్గరగా దొరికింది ఏమీ లేని బేసిక్ మోడల్. పవర్ స్టీరింగ్ లేదు, ఏసీ లేదు, బంపర్లకి రంగు లేదు. అయినా అన్న మాటకి దగ్గరగానే వచ్చారు.

ఎక్కడ కోశారు, ఎక్కడ కోయలేదు

ఈ కేసులో నాకు బాగా నచ్చే భాగం ఇదే. చవక బండి అంటే చవక సరుకు పెట్టడం అనుకుంటాం. లోగాన్ విప్పితే వేరే సంగతి కనబడుతుంది.

ముందు అద్దం చూడండి. అప్పటి కార్ల ముందు అద్దాలు బాగా వంపు తిరిగి ఉండేవి. లోగాన్‌ది దాదాపు చదునుగా, నిలువుగా ఉంటుంది. వంపు తగ్గితే అద్దం తయారీ తేలిక, పగిలేవి తక్కువ, రేటు తక్కువ. డ్యాష్‌బోర్డు ఒకే ముక్కగా అచ్చు పోశారు. నాలుగైదు ముక్కలు తెచ్చి బిగిస్తే వచ్చే కిరకిరలు కూడా అలా తప్పాయి. పక్క అద్దాల డిజైన్ కుడికీ ఎడమకీ ఒకటే, తలుపుల మీద రాసుకోకుండా ఉండే పట్టీలూ అంతే. రెండు అచ్చుల బదులు ఒక అచ్చు, రెండు స్టాకుల బదులు ఒక స్టాకు. పవర్ విండో స్విచ్చులు తలుపుల్లో కాకుండా మధ్యలో పెట్టారు. స్టీరింగు ఎడమన ఉన్న దేశానికైనా, కుడిన ఉన్న మన దేశానికైనా అవి అక్కడే ఉంటాయి, తలుపుల్లోకి వైర్లు తక్కువ. డిక్కీ విడిగా ఉండే లోగాన్ సెడాన్‌లో వెనక సీటు మడవడం కుదరదు. మడతకి కావాల్సిన తాళాలు, కీళ్లు, పట్టాలు అన్నీ మిగిలాయి.

ఇక ఇంజను. కొత్తదేదీ కనిపెట్టలేదు. రెనో దగ్గర అప్పటికే లక్షల బండ్లలో తిరుగుతున్న 1.4, 1.6 పెట్రోల్, తర్వాత 1.5 డీజిల్ తెచ్చి పెట్టారు. డిజైన్ మొత్తం కంప్యూటర్లోనే చేసుకుని, చేత్తో కట్టే మొదటి దశ నమూనా బండ్లు లేకుండానే అచ్చులకి వెళ్లిపోయారు. మియోవెన్ ఫ్యాక్టరీలో మొదట్లో రోబోలు చాలా తక్కువ. జీతాలు తక్కువ ఉన్న చోట మనిషి చెయ్యే చవక.

కోయని చోట్లు కూడా చెప్పాలి. వీల్‌బేస్, అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, 2,630 మిల్లీమీటర్లు. ఆ తరగతిలో అది చాలా ఎక్కువ, అందుకే వెనక ముగ్గురు పెద్దవాళ్లు మోకాళ్లు తగలకుండా కూర్చుంటారు. డిక్కీ 510 లీటర్లు. అర్థమయ్యేలా చెప్పాలంటే, పెళ్లికి వెళ్లొచ్చిన కుటుంబం నాలుగు సూట్‌కేసులు, ఒక స్వీట్ల బుట్ట పెట్టుకుని మూత వేసుకోవచ్చు. సస్పెన్షన్ గతుకుల రోడ్లకని కట్టింది. పనికొచ్చే వాటి మీద చెయ్యి వేయలేదు, మెరిసే వాటి మీద వేశారు. నా మటుకు నాకు ఆ తూకం సరైనదే అనిపిస్తుంది.

ఒక్క చోట మాత్రం ఒప్పుకోను: సేఫ్టీ. 2005లో, కార్లను గుద్దించి సేఫ్టీ చూసే యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో దీనికి 3 స్టార్లు వచ్చాయి. ఆ రేటుకి పర్లేదనుకుందాం. కానీ మన దేశంలో కింది వేరియంట్లలో ఎయిర్‌బ్యాగే లేదు. అప్పట్లో ఇక్కడ అందరూ అదే చేశారు, అందులో లోగాన్ ఒక్కదాని తప్పేం కాదు. మా షెడ్డుకి గుద్దుకుని వచ్చే బండ్లను చూసేవాణ్ని కాబట్టి చెబుతున్నా, డబ్బు మిగల్చాల్సిన చోటు అది కాదు.

ఒకే బండి, పది పేర్లు

రొమేనియా తర్వాత 2005లోనే మాస్కోలో, మొరాకోలోని కాసాబ్లాంకాలో, కొలంబియాలో మొదలెట్టారు. 2007లో ఇరాన్, బ్రెజిల్, మన నాసిక్. ఇరాన్‌లో దాని పేరు టొండార్ 90. మెక్సికోలో నిస్సాన్ ఆప్రియో. రష్యా, బ్రెజిల్‌లో రెనో లోగాన్. యూరప్‌లో డాచియా లోగాన్. వ్యాన్, పికప్ కూడా వచ్చాయి. దక్షిణాఫ్రికాలో పికప్‌కి నిస్సాన్ ఎన్‌పీ200 అని పేరు పెట్టి 2024 దాకా తయారు చేశారు.

వీటన్నిటిలో ఫ్రాన్స్ సంగతి చిత్రమైంది. ఈ బండిని డబ్బున్న పడమటి దేశాలకని కట్టలేదు. మురికివాడకి కట్టిన ఇంట్లో బంజారా హిల్స్ వాళ్లు అద్దెకి దిగుతారని ఎవరనుకుంటారు? కానీ జనం అడగడం మొదలెట్టారు, 2005లో ఫ్రాన్స్‌లోనూ అమ్మకానికి పెట్టారు. కొన్నది ఎవరంటే, అప్పటిదాకా సెకండ్‌హ్యాండ్ కారు తప్ప కొత్త కారు మొహం చూడనివాళ్లు. నాలుగేళ్ల పాత బండి కొనే డబ్బుతో వారంటీ ఉన్న కొత్త బండి వస్తోంది కదా అని లెక్కేసుకున్నారు. పోటీ వచ్చింది కొత్త కార్లతో కాదు, పాత కార్లతో. షోరూములో బేరం ఆడేది లేదన్నారు. రాసిన రేటే రేటు. డిస్కౌంట్ ఇవ్వకుండా చవక కారు మీద కూడా లాభం చేసుకోవడం అలా కుదిరింది.

2009లో జర్మనీ ప్రభుత్వం పాత బండి తుక్కుకి ఇచ్చి కొత్తది కొనేవాళ్లకి 2,500 యూరోలు ఇస్తానంది. 7 వేల యూరోల చిల్లర బండికి అది దాదాపు మూడో వంతు. డాచియా షోరూముల దగ్గర ఎంత రద్దీ ఉందో ఊహించుకోవచ్చు. అప్పటికే అదే ఎముకల గూడు మీద ఏడు సీట్ల ఎంసీవీ అనే మోడల్ వచ్చింది, 2008లో యూరప్‌లో సాండెరో హ్యాచ్‌బ్యాక్, 2010లో డస్టర్. తరాలు మారినా పద్ధతి మారలేదు. 2024లో యూరప్ మొత్తం మీద అత్యధికంగా అమ్ముడైన కారు సాండెరో. ఖరీదైన జర్మన్ బండ్ల గడ్డ మీద!

అంతా సాఫీగా జరగలేదు కూడా. రొమేనియా 2007లో యూరోపియన్ యూనియన్‌లో చేరింది. పక్క దేశాల జీతాలు కళ్ల ముందు కనబడ్డాయి. 2008 వసంతంలో మియోవెన్ కార్మికులు దాదాపు మూడు వారాలు సమ్మె చేసి జీతాలు పెంచుకున్నారు. చవక చెయ్యి ఎప్పటికీ చవకగా ఉండదని కంపెనీకి అర్థమైంది. 2012లో మొరాకోలో టాంజియర్ దగ్గర పెద్ద ఫ్యాక్టరీ తెరిచారు.

రష్యా కథ ఇంకోలా ముగిసింది. ఏ లాడాని చూసి ఈ బండి పుట్టిందో, చివరికి ఆ లాడా కంపెనీ అవ్టోవాజ్‌నే రెనో తన గూటిలోకి తెచ్చుకుంది. 2012 నుంచి లోగాన్ ఎంసీవీని లాడా లార్గుస్ పేరుతో అక్కడే తయారు చేశారు. యుద్ధం మొదలయ్యాక 2022 మేలో రెనో రష్యా వదిలి వెళ్లిపోయింది. అవ్టోవాజ్ వాటాని ఒక్క రూబుల్‌కి రాసిచ్చింది. మాస్కో ఫ్యాక్టరీ నగర పాలక సంస్థ చేతికి వెళ్లి, పాత మాస్క్విచ్ పేరు మళ్లీ తగిలించుకుంది. మా ఆటోనగర్‌లో కాటా రేటుకి బండి ఇచ్చేవాడు కూడా రూపాయికి ఇవ్వడు.

మన దగ్గరికొస్తే

మహీంద్రా, రెనో కలిసి 2005లో ఒప్పందం చేసుకున్నాయి, 51:49 వాటాలతో. బండి 2007 ఏప్రిల్‌లో వచ్చింది. ఈ రెండు తేదీల మధ్య ఒక తేదీ ఉంది, కథ అంతా అక్కడే తిరిగింది. 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16కి తగ్గించారు. చిన్న కారంటే ఏది? పొడవు 4 మీటర్లు మించకూడదు. పెట్రోల్ అయితే ఇంజను 1,200 సీసీ లోపు, డీజిల్ అయితే 1,500 లోపు.

లోగాన్ డీజిల్ ఇంజను 1,461 సీసీ. పాస్. పొడవు 4.25 మీటర్లు. ఫెయిల్. జానెడు తేడాతో పెద్ద కారైపోయింది! 2008లో చిన్న కార్ల సుంకం 12 శాతానికి దిగింది, పెద్ద కార్లది కదల్లేదు. అంటే ఆ జానెడు ముక్కకి సుంకం రెట్టింపు. రొమేనియాలో ఒక్కో మరమీద, ఒక్కో అచ్చుమీద పైసా పైసా మిగిల్చి కట్టిన బండి, ఇక్కడ టేపు పెట్టి కొలిచేసరికి ఆ మిగులంతా పోగొట్టుకుంది.

2008 మొదట్లో టాటా ఇండిగో సీఎస్ వచ్చింది. ఇండిగో తోక కోసి 4 మీటర్ల లోపు చేసిన బండి. చూడ్డానికి ఏదోలా ఉన్నా, రేటులో లోగాన్‌ని బాగా కిందకి కొట్టింది. ఇది చూసి మా కుర్రాడు, "అయితే జానెడే కారణమన్నమాట" అన్నాడు. అక్కడే ఆగాలి. అదే ఏడాది మార్చిలో మారుతి స్విఫ్ట్ డిజైర్ వచ్చింది. దాని పొడవు 4.16 మీటర్లు, అది కూడా ఫెయిలే. 2012లో గానీ దాన్ని 4 మీటర్ల లోపుకి కుదించలేదు. నాలుగేళ్లు పెద్ద కారు సుంకం కట్టి కూడా అది వెయిటింగ్ లిస్టు మీద అమ్ముడుపోయింది. కాబట్టి జానెడు ఒక దెబ్బ మాత్రమే.

రెండో దెబ్బ మొహం. డిజైర్ ముందు నుంచి చూస్తే స్విఫ్ట్, ఊళ్లో పిల్లలు కూడా గుర్తుపడతారు. లోగాన్ మొహం స్కూలు పిల్లాడు గీసిన కారు బొమ్మలా ఉంటుంది: ఒక డబ్బా, ముందొక డబ్బా, వెనకొక డబ్బా. రష్యాలోనో కొలంబియాలోనో కారు కొనేవాడికి కారు కావాలి. మన దగ్గర నాలుగైదు లక్షలు పెట్టి మొదటిసారి సెడాన్ కొనేవాడికి కారుతోపాటు చుట్టాల ముందు దిగడం కూడా కావాలి. పెళ్లికి వెళ్తే "ఏ బండి?" అని అడుగుతారు. "లోగాన్" అంటే "ఓహో, ట్యాక్సీ బండి" అంటారు.

ఆ మూడో దెబ్బే అసలు దెబ్బ. వెనక సీటు విశాలం, డిక్కీ పెద్దది, డీజిల్ మైలేజీ బాగుంది, గతుకుల్ని లెక్కచేయదు. ఇన్ని గుణాలున్న బండిని ట్రావెల్స్ వాళ్లు వదులుతారా? డీజిల్ రేటు మీద ప్రభుత్వం పట్టు 2014 అక్టోబర్ దాకా ఉంది, లీటరుకి పెట్రోల్‌తో చాలా తేడా. రోజుకి మూడు వందల కిలోమీటర్లు తిరిగేవాడికి ఆ తేడానే సంపాదన. ట్రావెల్స్‌లో ఎంత కనబడితే ఇళ్ల ముందు అంత తగ్గింది. టొయోటా 2010 చివర్లో తెచ్చిన ఎతియోస్‌కీ తర్వాత ఇదే జరిగింది. దాన్ని కూడా పైసలు లెక్కేసి కట్టారు, అది కూడా 4 మీటర్లు దాటిన సెడానే, చివరికి అదీ పసుపు నంబరు ప్లేటు కిందికే చేరింది.

లోగాన్ మొదటి ఏడాది పాతిక వేల దాకా అమ్ముడైంది. రెండో ఏడాది దాదాపు సగానికి పడింది, ఆ తర్వాతి ఏడాది ఐదు వేల చిల్లర. 2010లో రెనో తన వాటా మహీంద్రాకి ఇచ్చేసి పక్కకి తప్పుకుంది. 2011లో బండి పేరు వెరిటో అయింది. రెనో బిళ్ళ పోయి మహీంద్రా బిళ్ళ వచ్చింది, లోపల అదే బండి. 2013లో వెరిటో వైబ్ అని డిక్కీ కోసి 4 మీటర్ల లోపు చేశారు. జానెడు తీసేశారు, దాంతో లోగాన్‌కున్న ఒక్క అందం, ఆ డిక్కీ, పోయింది. 2016లో ఎలక్ట్రిక్ ఇ-వెరిటో వచ్చింది. ప్రభుత్వ ఆఫీసుల కోసం ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ పిలిచిన టెండర్లలో కొన్ని తీసుకున్నారు. అంతటితో ఆ వంశం ఇక్కడ ఆగింది.

ఆగిందంటే పూర్తి నిజం కాదు. 2012 జూలైలో రెనో సొంతంగా డస్టర్ తెచ్చింది, చెన్నై దగ్గర ఒరగడం ఫ్యాక్టరీ నుంచి. మొదటి ఏడాది జనం ఎగబడ్డారు. బాడీ తీసి కింద చూడండి: లోగాన్ వంశమే. అదే గూడు, అదే 1.5 డీజిల్ ఇంజను. పొడవు 4.3 మీటర్లు, పూర్తి సుంకం. రేటు 7 లక్షల పైన. ఎవరూ టేపు పట్టుకోలేదు. చక్రాలు పెద్దవై, బానెట్ ఎత్తయి, ఎస్‌యూవీ అనిపించగానే అదే ఎముకలకి రెండు లక్షలు ఎక్కువ పెట్టారు. లోగాన్ తిప్పిన ట్రావెల్స్ ఓనర్లలో ఒకరు డస్టర్ కొని నా షెడ్డుకి తెచ్చి "ఇదేం బండి గురూ, రాజా లాగుంది" అన్నారు. ఆయనకి చెప్పలేదు.

లోగాన్ కార్యక్రమాన్ని నడిపించిన వాళ్లలో జెరార్ డెటూర్బే ఒకరు. ఆయనే తర్వాత చెన్నై వచ్చి కూర్చుని క్విడ్ కారు కట్టించారు. 2015 సెప్టెంబర్‌లో 2.57 లక్షలకి వచ్చింది. ఒక్కో చక్రానికి మూడే బోల్టులు, ముందు ఒకే వైపరు. లోగాన్ లెక్కే, ఇంకా కిందికి. పొడవు 3.68 మీటర్లు. ఈసారి టేపు ముందే కొనుక్కున్నారు. మొహం చిన్న డస్టర్‌లా పెట్టారు. ఆ రెండు సరిదిద్దుకున్నారు గానీ, సేఫ్టీ దగ్గర మళ్లీ అదే కథ: 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో సున్నా స్టార్లు. అదే క్విడ్‌ని బ్రెజిల్ కోసం బలపరిచి, నాలుగు ఎయిర్‌బ్యాగులు పెట్టి అమ్మారు. ఒకే బండి, ఒక దేశంలో ఒక ప్రాణానికి ఒక రేటు.

షెడ్డులో రెండు రోజులు

ఇక గుడివాడ బండి. స్టార్టర్ కొడితే ఇంజను ఉత్తినే గిర్రున తిరుగుతోంది, కంప్రెషన్ లేదు. ఆ శబ్దం వింటేనే తెలిసిపోతుంది. టైమింగ్ కవరు విప్పాం, బెల్టు పళ్లు రాలి తెగిపోయి ఉంది. ఈ ఇంజన్లో ఆ ఒక్క బెల్టే వాల్వులు తెరిచే క్యామ్‌ని, డీజిల్ హైప్రెషర్ పంపుని, వాటర్ పంపుని తిప్పుతుంది. అది తెగితే పైకొచ్చే పిస్టన్, తెరిచి ఉన్న వాల్వుని కొడుతుంది.

"బెల్టు ఎప్పుడు మార్పించారు బాబాయ్?"

"మూడేళ్లయిందయ్యా. బిల్లు కూడా ఉంది ఇంట్లో."

బిల్లు తెప్పించి చూశాం. ఊళ్లో ఎవరో మెకానిక్ రాసిచ్చింది. బెల్టు అని ఉంది, టెన్షనర్ లేదు, వాటర్ పంపు లేదు. విప్పి చూస్తే టెన్షనర్ బేరింగు ఎండిపోయి గరగరలాడుతోంది. బెల్టు కొత్తదే వేశాడు, దాన్ని బిగువుగా పట్టి ఉంచే ఆ పుల్లీ పాతదే ఉంచాడు. రెండు మూడు వేలు మిగిల్చాననుకున్నాడు.

హెడ్ దించాం. ఎనిమిది వాల్వుల్లో ఆరు వంగాయి. పిస్టన్ల మీద గోరంత నొక్కులు, పర్లేదు. సిలిండర్ గోడల మీద ఫ్యాక్టరీలో వేసిన సన్నటి హోనింగ్ గీతలు ఇంకా కనబడుతున్నాయి, దాదాపు నాలుగు లక్షల కిలోమీటర్ల తర్వాత కూడా. కింద ఆయిల్ ఉండే సంప్ దించి, పిస్టన్ రాడ్డు క్రాంకుని పట్టుకునే చోట ఉండే బిగ్ ఎండ్ బేరింగులు చూశాం. ఆయిల్ టైముకి మార్చకపోతే ఈ ఇంజన్లో ముందుగా దెబ్బతినేవి అవే. అవి బాగున్నాయి. బాబాయ్ బెల్టు విషయంలో మోసపోయారు గానీ ఆయిల్ విషయంలో ఎప్పుడూ బద్ధకించలేదు.

స్పేర్ల సంగతే నన్ను టెన్షన్ పెట్టింది, ఎందుకంటే బండి తయారీ ఆగి ఏళ్లయింది. కానీ ఈ ఇంజను లోగాన్ ఒక్కదానిదే కాదు కదా. డస్టర్, నిస్సాన్ సన్నీ, మైక్రా, టెరానో అన్నిటిలో ఉంది, ఒకప్పుడు యూరప్‌లో మెర్సిడెస్ ఎ-క్లాస్‌లో కూడా పెట్టారు. వాల్వులు, బెల్టు కిట్, వాటర్ పంపు, హెడ్ గ్యాస్కెట్ ఆటోనగర్‌లోనే ఒక పూటలో దొరికాయి. ఇరవై ఏళ్ల క్రితం పారిస్‌లో ఎవరో "కొత్తది కనిపెట్టొద్దు, ఉన్నదే వాడండి" అని తీసుకున్న నిర్ణయం గుడివాడలో ఒక పెద్దాయనకి ఈ రకంగా కలిసొచ్చింది. బాడీ సామాను మాత్రం అలా కాదు. ముందు బంపరు, ఒక హెడ్‌ల్యాంపు తుక్కు బండ్ల మార్కెట్లో వెతికి తెచ్చాను.

ఇప్పుడు లెక్క. ఇంజను పని, బెల్టు కిట్, క్లచ్ ప్లేటు (ఎలాగూ విప్పాం కాబట్టి), ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు, కూలీ అన్నీ కలిపి 47 వేలు. బండిని నడిచే స్థితిలో అమ్మితే లక్ష లోపే. కాటాకి వేస్తే ఇంకా తక్కువ. కాగితం మీద చూస్తే బాగు చేయించడం దండగ అనిపిస్తుంది. కానీ ఆయన చేతిలో అదనంగా పెట్టగలిగేది లక్ష. ఆ డబ్బుకి మార్కెట్లో దొరికేది ఎవరో వాడి వదిలేసిన చిన్న హ్యాచ్‌బ్యాక్. దాని ఇంజను లోపల ఏముందో దేవుడికే తెలుసు. ఈ బండి లోపల ఏముందో నేను కళ్లారా చూశాను. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదనే రూలు మన దగ్గర లేదు. పదిహేనేళ్లు నిండాయి కాబట్టి ఫిట్‌నెస్ చూపించి, ఫీజు, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకుంటే ఇంకో ఐదేళ్లు.

"చేయించండి బాబాయ్" అన్నాను. ఒక షరతు పెట్టాను: టెన్షనర్, వాటర్ పంపు వద్దంటే నేను చేయను. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, "అన్నీ వేసెయ్" అన్నారు.

క్యామ్ పిన్, క్రాంక్ పిన్ పెట్టి టైమింగ్ లాక్ చేసి బెల్టు ఎక్కించడం మా చిన్న కుర్రాడి చేత చేయించాను, నేను పక్కన నిలబడి. చేత్తో రెండు చుట్లు తిప్పమన్నాను. పిన్‌లు మళ్లీ సరిగ్గా వాటి రంధ్రాల్లో పడ్డాయి. స్టార్ట్ చేస్తే రెండో క్రాంక్‌కి అందుకుంది, కాసేపు తెల్ల పొగ, తర్వాత మామూలే.

బండి తీసుకెళ్లడానికి ఆయన బామ్మర్దిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ బామ్మర్ది బండి చుట్టూ తిరిగి చూసి, "ఇదే డబ్బు అడ్వాన్సు కట్టి కిస్తీల మీద కొత్తది తీసుకోవచ్చుగా బావా" అన్నాడు. బాబాయ్ ఏం మాట్లాడలేదు. డిక్కీ తెరిచి, షాపులో కొన్న రెండు పాతిక కేజీల బియ్యం బస్తాలు, ఒక గ్యాస్ స్టవ్ పెట్టె, మనవరాలి సైకిలు లోపల పెట్టి మూత వేశారు. మూత పడింది.

పోయిన నెల ఫోన్ చేశారు. రెండు వేల కిలోమీటర్లు తిరిగిందట, ఏసీ చల్లదనం తగ్గిందట. టాపెట్లు కూడా చూడాలి, ఆదివారం తీసుకురండి అన్నాను.